పొగకూ నిప్పుకూ నడుమ: సెక్స్టస్ కాదన్నది ఏ గుర్తును?

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వాసుపత్రిలో హౌస్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. చిన్నప్పుడు మా తాతగారి దగ్గర న్యాయశాస్త్రపు తొలి పాఠంగా చెప్పే తర్కసంగ్రహం కొంత చదువుకున్నాను. ఆ ఇష్టంతోనే ఈమధ్య గ్రీకు సంశయవాది సెక్స్టస్ ఎంపిరికస్ రచనను ఇంగ్లీషు అనువాదంలో చదవడం మొదలుపెట్టాను. పొగను చూసి నిప్పును తెలుసుకోవడాన్ని తాము కాదనడం లేదని ఆయన ఒకచోట అంటాడు. పేజీ తిప్పేసరికి గుర్తు అనేదే లేదని వరసగా వాదనలు పేరుస్తాడు. ఆయన స్వయంగా వైద్యుడట. గుర్తులు లేవన్నవాడు రోగిలో ఏం చూసి మందిచ్చాడు? గుర్తు లేదని చూపడానికి ఆయన తెచ్చిన వాదన కూడా ఒక గుర్తే కదా? నాకే అర్థం కాలేదా, ఆయనే తడబడ్డాడా? ఈ పుస్తకం ముందుకు చదవాలా, పక్కన పెట్టాలా చెప్పగలరు.
పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: అమ్మా, పక్కన పెట్టకండి. మీరు చిక్కుకున్న చోట చాలామంది చిక్కుకున్నారు. ఆ చిక్కు విప్పే వాక్యం కూడా అక్కడే ఉంది, కాకపోతే వాదనల వరస మొదలయ్యే ముందు ఒక్కసారి వచ్చి వెళ్ళిపోతుంది కనుక కంటికి ఆనదు. గ్రీకు సంశయవాదానికి ఆద్యుడైన పిర్రో పేరు మీద సెక్స్టస్ రాసిన ‘పిర్రో మత సంగ్రహం’ రెండో పుస్తకంలో 97వ ఖండిక నుంచి 133 దాకా గుర్తు గురించిన చర్చ నడుస్తుంది. అందులో 102, 103 ఖండికలను మళ్ళీ ఒకసారి నెమ్మదిగా చదవండి. తాము లోకవ్యవహారంతో పోరాడడం లేదనీ, లోకం దేన్ని నమ్ముకుని నడుస్తున్నదో దానికి తామూ సిద్ధాంతమేదీ కట్టకుండా తలూపుతున్నామనీ, సిద్ధాంతులు, అంటే కనబడనివాటి గురించి కూడా తేల్చి చెప్పే తత్త్వవేత్తలు, తమంతట తాము కల్పించుకున్నవాటినే ఎదుర్కొంటున్నామనీ ఆయన అక్కడ చెప్పుకుంటాడు. ఆ వెంటనే, సిద్ధాంతుల గుర్తు బొత్తిగా లేదని తేల్చడం కూడా తన ఉద్దేశం కాదనీ, ఉందనే వాదానికీ లేదనే వాదానికీ బరువు సమానంగా కనిపిస్తున్నదని చూపడమే తన పని అనీ అంటాడు. తరువాతి ముప్పై ఖండికలూ ఈ వాక్యం నీడలో చదవవలసినవి.

మీకు వైరుధ్యంగా తోచినదానికి మూలం గ్రీకులో ‘సేమెయోన్’ అన్న ఒక్క మాట రెండు వేర్వేరు వస్తువులకు చెల్లడం. ఆ రెండింటినీ విడదీయడానికి సెక్స్టస్ ముందుగా విషయాలను నాలుగు తరగతులు చేస్తాడు, అదీ తన సొంత విభజనగా కాదు, సిద్ధాంతులు చెప్పేదిగా. పగలు పగలని మనకు దానంతటదే తెలుస్తూ ఉంటుంది, దానికి గుర్తు అక్కరలేదు. ఆకాశంలో నక్షత్రాలు సరి సంఖ్యలో ఉన్నాయా, బేసి సంఖ్యలో ఉన్నాయా అన్నది ఎన్నటికీ తెలియదు, దానికి ఏ గుర్తూ అక్కరకు రాదు. ఈ రెండు కొసలకూ మధ్య మరో రెండు తరగతులు ఉన్నాయి. స్వభావరీత్యా కనిపించేదే అయినా ప్రస్తుతానికి కంటికి దూరంగా ఉన్నది ఒకటి, ఇందుకు తాను ఆ క్షణాన చూడలేని ఏథెన్స్ నగరాన్ని ఆయన ఉదాహరణగా ఇస్తాడు. స్వభావరీత్యానే ఏనాటికీ కంటబడనిది మరొకటి, దీనికి ఉదాహరణ బుద్ధితో ఊహించవలసిందే తప్ప చూడలేని చర్మరంధ్రాలు. ఈ చివరి రెండింటికే గుర్తులతో పని ఉంది, రెండింటికీ గుర్తు జాతి వేరు.

ఇక్కడ తెలుగు మనకు చేసే మేలు గ్రీకు కూడా చేయదు. మనకు ‘గుర్తు’ అంటే చిహ్నమూ అవుతుంది, జ్ఞాపకమూ అవుతుంది. గోడ మీద గుర్తు పెట్టామంటాం, పాత సంగతి గుర్తుకొచ్చిందంటాం. సెక్స్టస్ అంగీకరించే మొదటి జాతి గుర్తు సరిగ్గా ఈ రెండర్థాలూ కలిసిన చోట ఉంటుంది. పొగనూ నిప్పునూ ఇదివరకు కలిపి చూసి ఉన్నాం కాబట్టి ఇప్పుడు పొగ మాత్రమే కనిపిస్తే నిప్పు గుర్తుకొస్తుంది. మానిన మచ్చను చూస్తే వెనుకటి గాయం గుర్తుకొస్తుంది. గుండెలో దిగిన పోటును చూస్తే రాబోయే చావు తలపుకొస్తుంది. గడిచినదానికీ, ఉన్నదానికీ, రానున్నదానికీ ఒక్కొక్క ఉదాహరణ చొప్పున ఆయన ఎంచుకున్న తీరు గమనించండి. దీన్ని ‘గుర్తుచేసే గుర్తు’ అందాం. రెండో జాతి గుర్తు ఎన్నడూ జంటగా కనిపించనిదాన్ని కేవలం తన స్వభావ బలంతో బయటపెడుతుందని సిద్ధాంతులు చెప్పేది. శరీరం కదలికలు ఆత్మను బయటపెడతాయి, చర్మం మీద పుట్టే చెమట కనబడని రంధ్రాలను బయటపెడుతుంది, వస్తువుల చలనం శూన్యం ఉందని బయటపెడుతుంది అన్నవి ఈ జాతివి. చివరిది, లోకమంతా అణువులూ శూన్యమూ అన్న గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరస్ అనుయాయుల అభిమాన వాదన. దీన్ని ‘బయటపెట్టే గుర్తు’ అందాం. ఆత్మను కదలికతో కలిపి ఎవరూ ఏనాడూ చూడలేదు కాబట్టి ఇక్కడ గుర్తుకు రావడానికి ఏమీ లేదు. గుర్తే మాట్లాడాలి. ఆ మాట్లాడే శక్తినే సెక్స్టస్ ప్రశ్నిస్తున్నాడు.

మీరు తర్కసంగ్రహం చదివారు కనుక ఒక్క పోలిక చెప్పి ముందుకు సాగుతాను. తెలుగువాడైన అన్నంభట్టు చెప్పిన కొండ మీది నిప్పులో వంటింటి అనుభవమే పునాది. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉండడం మహానసంలో, అంటే వంటింట్లో, చూసినవాడికే వ్యాప్తి, అంటే ఆ రెండింటి విడదీయరాని సంబంధం, జ్ఞాపకం వస్తుంది. ఇంతవరకు సెక్స్టస్ పెద్దగా అడ్డు చెప్పడు. కానీ ఇచ్ఛ, ద్వేషం, ప్రయత్నం, సుఖం, దుఃఖం, జ్ఞానం ఆత్మకు లింగాలని, అంటే గుర్తులని, చెప్పే న్యాయసూత్రం దగ్గరికి వచ్చేసరికి ఆయన లేచి నిలబడతాడు, ఎందుకంటే సిద్ధాంతుల్లో ముఖ్యమైన శాఖవారైన స్టోయిక్కులు కదలికల నుంచి ఆత్మకు వేసిన మెట్లు కూడా దాదాపు ఇవే. అంటే మీ తాతగారు నేర్పిన శాస్త్రంలో ఒకే పేరు కింద సాగిపోయిన ప్రయాణాన్ని ఈ గ్రీకు వైద్యుడు సగం దారిలో ఆపి, ఇక్కడి దాకా చూసినదే, ఇక్కడి నుంచి చూడనిది అని గీత గీస్తున్నాడన్నమాట. ఈ పోలికను ఇంతకుమించి సాగదీయకండి. రెండు సంప్రదాయాల లక్ష్యాలు వేరు.

ఇక ఆ వాదనల గుట్ట సంగతి. వాటిలో అన్నింటికీ ఒకే విలువ లేదని నా అభిప్రాయం, సెక్స్టస్‌కు కూడా ఆ సంగతి తెలుసునని ఆయన మాటల వల్లనే తెలుస్తుంది. ఎక్కువ భాగం స్టోయిక్కుల నిర్వచనాన్ని గురిచేసుకుని ఉంటాయి. గుర్తు అంటే సరైన ‘అయితే’ వాక్యంలో ముందు భాగంగా నిలిచి వెనుక భాగాన్ని బయటపెట్టే ప్రతిపాదన అని వారు చెప్పేవారు. ‘ఈమెకు పాలు పడ్డాయంటే ఈమె గర్భం దాల్చింది’ అన్నది వారి ఉదాహరణ. సరే, ‘అయితే’ వాక్యం ఎప్పుడు సరైనదవుతుంది? ముందు భాగం నిజమై వెనుక భాగం అబద్ధం కాకుంటే చాలునని గ్రీకు తార్కికుడు ఫైలో అన్నాడు. అలా కావడం మునుపెన్నడూ సాధ్యం కాకూడదు, ఇప్పుడూ సాధ్యం కాకూడదని ఆయన గురువు డయోడోరస్ క్రోనస్ అన్నాడు. వెనుక భాగాన్ని కాదంటే అది ముందు భాగంతో పొసగకుండా పోవాలని మరికొందరు అన్నారు. ఈ గొడవ ఎంత ముదిరిందంటే, దేని నుంచి దేన్ని తేల్చవచ్చో ఇంటికప్పుల మీది కాకులు కూడా అరుస్తున్నాయని క్రీ.పూ. 3వ శతాబ్దపు కవి కాలిమాకస్ ఎకసెక్కెం ఆడాడు, ఆ పంక్తిని భద్రపరచినవారిలో సెక్స్టస్ ఒకరు. కొలబద్ద మీదే ఏకాభిప్రాయం లేనప్పుడు కొలత ఎలా తేలుతుందన్నది ఆయన ప్రశ్న. గుర్తు అంటే ప్రతిపాదన అనడానికి ఆయన ఇచ్చే మరో జవాబు నాకు ఇంకా ఇష్టం. అక్షరం రాని ఓడ సరంగు గాలివానను ముందే పసిగడతాడు, సూత్రాలు ఎరుగని రైతు పంట పండేదీ ఎండేదీ చెబుతాడు, వేటకుక్క అడుగుజాడ పట్టుకుని జంతువు వెంట పడుతుంది. వీరిలో ఎవరు ‘అయితే’ వాక్యం కట్టుకున్నారు? గుర్తును చదవడానికి తర్కశాస్త్రం అవసరమైతే లోకంలో సగం పనులు ఆగిపోవాలి కదా.

గుర్తూ, గుర్తు సూచించే వస్తువూ కుడి ఎడమల వంటి సాపేక్షాలు కనుక రెండూ కలిసే తెలియాలి, కలిసే తెలిస్తే ఒకటి మరొకదాన్ని బయటపెట్టనక్కరలేదు అన్న వాదన మీకు గారడీలా తోచి ఉంటుంది. నాకూ అలాగే తోచింది. ఈ కత్తికి రెండు వైపులా పదును ఉంది, జాగ్రత్తగా పట్టుకోకపోతే గుర్తుచేసే గుర్తును కూడా కోసేస్తుంది. పొగను ‘నిప్పుకు గుర్తు’గా చూడకముందే వట్టి పొగగా చూడగలం అన్నది సూటి జవాబు. ఆ జవాబుకు బలం వెనుకటి అనుభవం నుంచి వస్తుంది, ఆ అనుభవం బయటపెట్టే గుర్తుకు లేదు. కనుక వాదన పూర్తిగా పనికిరానిది కాదు. కానీ మీరు దీని దగ్గర ఆగి మనసు పాడుచేసుకోకండి.

మీరు ఆగవలసిన చోటు వేరే ఉంది, అది ఆసుపత్రిలో పనిచేసేవారి కోసమే రాసినట్టు ఉంటుంది. సెక్స్టస్ మరో పెద్ద రచనలో తార్కికుల మీద రెండు పుస్తకాలున్నాయి. వాటిలో రెండోదానిలో ఆయన తనకంటే సుమారు రెండు శతాబ్దాలు ముందరి సంశయవాది ఐనెసిడెమస్ వాదనను ఎత్తి చూపుతాడు. కంటికి కనబడేవి ఒకే స్థితిలో ఉన్నవారందరికీ ఒకేలా కనిపిస్తాయి, గుర్తులు కంటికి కనబడేవే అయితే అవి కూడా అందరికీ ఒకేదానికి గుర్తులుగా కనబడాలి, కానీ అలా జరగడం లేదు. ఉదాహరణకు జ్వరం వచ్చిన మనిషిని తీసుకోండి. ముఖం ఎర్రబడింది, రక్తనాళాలు ఉబ్బాయి, చర్మం తడిగా ఉంది, ఒళ్ళు కాలుతోంది, నాడి గట్టిగా కొట్టుకుంటోంది. మంచం చుట్టూ నిలబడిన వైద్యులందరికీ కళ్ళు బాగానే ఉన్నాయి, ఈ లక్షణాలు ఉన్నాయనడంలో వారికి భేదం లేదు. అయినా ప్రాచీన గ్రీకు వైద్యుల్లో హెరోఫిలస్‌కు అవి మంచి రక్తానికి గుర్తులు. ధమనుల్లో వాయువు మాత్రమే ఉంటుందని నమ్మిన ఎరసిస్ట్రాటస్‌కు అవి సిరల్లోని రక్తం ధమనుల్లోకి దారి తప్పిందనడానికి గుర్తులు. శరీరమంతా కంటికి కనబడని కణాలూ సందులూ అని చెప్పి రోములో పేరు పొందిన అస్క్లెపియాడీస్‌కు అవే లక్షణాలు కణాలు సందుల్లో ఇరుక్కున్నాయనడానికి గుర్తులు. గుర్తుకు దాని స్వభావంలోనే నోరు ఉంటే ముగ్గురికీ మూడు మాటలు చెప్పదు కదా.

ఈ మూడు సిద్ధాంతాలూ ఏమయ్యాయో మీకు తెలుసు. ధమనుల్లో ఉండేది రక్తమేనని గ్రీకు వైద్యుడు గాలెన్ క్రీ.శ. 2వ శతాబ్దంలోనే చూపించాడు. అస్క్లెపియాడీస్ కణాలు వైద్యచరిత్ర పుస్తకాల్లో మిగిలాయి. కానీ ఎర్రబడిన ముఖం, తడి చర్మం, కాలే ఒళ్ళు, వేగమైన నాడి ఇవాళ మీ వార్డులో కూడా ఉన్నాయి. లక్షణాలు నిలిచాయి, వాటి వెనుక ఉన్నవని చెప్పినవి పోయాయి. సెక్స్టస్ మాటల్లో మీరు పట్టుకోవలసిన కొస ఇదేనని నేను అనుకుంటాను.

గుర్తులు లేవన్నవాడు ఏం చూసి మందిచ్చాడని అడిగారు. గుర్తుచేసే గుర్తులు చూసే ఇచ్చాడు. మొదటి పుస్తకం 23, 24 ఖండికల్లో సంశయవాది జీవితానికి నాలుగు ఆధారాలు చెప్పాడు: ప్రకృతి ఇచ్చిన చూపూ ఆలోచనా, ఆకలిదప్పుల వంటి అవసరాల బలవంతం, తరతరాలుగా వచ్చిన ఆచారాలూ చట్టాలూ, నేర్చుకున్న విద్యలు. వైద్యం ఈ నాలుగోదానిలోకి వస్తుంది. ఆయన పేరుకు అతుక్కున్న ‘ఎంపిరికస్’ అన్నది అనుభవవాద వైద్యశాఖ పేరు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో కోస్ ద్వీపవాసి ఫిలైనస్ మొదలుపెట్టిన ఈ శాఖవారు స్వయంగా చూసినదీ, ఇతరులు చూసి రాసిపెట్టినదీ, ఒక రోగం నుంచి దాన్ని పోలిన మరో రోగానికి జరిపి చూసినదీ తప్ప వేరే ప్రమాణం ఒప్పుకునేవారు కారు. ఇందులో ఒక తమాషా ఉంది. పేరు అనుభవవాదిదే అయినా, ఆ శాఖవారి కంటే పద్ధతివాదులనే మరో వైద్యశాఖవారే సంశయానికి దగ్గరగా ఉన్నారని మొదటి పుస్తకం చివర సెక్స్టస్ అంటాడు. కారణం సూక్ష్మమైనది. కనబడనిది తెలియనే తెలియదు అని అనుభవవాదులు గట్టిగా చెప్పారు. అలా గట్టిగా చెప్పడం కూడా ఒక సిద్ధాంతమే కదా అన్నది ఆయన అభ్యంతరం. దప్పిక మనిషిని నీటి దగ్గరికి నడిపించినట్టు రోగస్థితే వైద్యుణ్ణి తగిన చికిత్స వైపు నడిపిస్తుందని పద్ధతివాదులు చెప్పిన మాట ఆయనకు నచ్చింది.

గుర్తు లేదనే వాదన కూడా ఒక గుర్తే కదా అన్న మీ ప్రశ్న పాతదే, సిద్ధాంతులు సెక్స్టస్ ముఖం మీదే అడిగినది. దాన్ని ఆయన దాచలేదు, రెండో పుస్తకం 130 నుంచి 133 వరకు తానే ఎత్తి రాశాడు. గుర్తుకు వ్యతిరేకంగా చెప్పిన మాటలు దేన్నీ సూచించకపోతే వాటితో గుర్తును కొట్టెయ్యలేరు, సూచిస్తే గుర్తు ఉన్నట్టే. గుర్తు లేదని నిరూపిస్తే ఆ నిరూపణ ఒక గుర్తు, ఉందని నిరూపిస్తే సరేసరి. మామూలు వాదప్రియుడైతే ఇక్కడ ఎలాగోలా తప్పించుకోవాలని చూస్తాడు. సెక్స్టస్ మాత్రం ఈ వాదన బలమైనదేనని చెప్పి, దాన్ని త్రాసులో రెండో తట్టలో పెడతాడు. అంతకుముందు పేర్చినవన్నీ ఒక తట్టలో ఉన్నాయి, ఇది ఇంకో తట్టలో ఉంది, కనుక గుర్తు లేదనడం కంటే ఉందనడం ఎక్కువా కాదు, తక్కువా కాదు. మీరు అడిగిన ప్రశ్న ఆయన్ను ఓడించదు, ఆయన తట్టకు అవసరమైన బరువును అందిస్తుంది. నిరూపణ గురించిన చర్చలో ఆయన చెప్పిన ఉపమానం మీకు వెంటనే పడుతుంది: విరేచన మందు ఒంట్లోని చెడును బయటికి తోస్తూ దానితోపాటు తానూ బయటికి పోతుంది, ఈ వాదనలూ అంతే. తార్కికుల మీది పుస్తకంలో ఇదే మాటను నిచ్చెనతో చెబుతాడు, పైకెక్కినవాడు ఎక్కిన నిచ్చెనను కాలితో తన్నేయవచ్చునంటాడు. రెండింటిలో మందు ఉపమానమే నాకు నిజాయితీగా తోస్తుంది. నిచ్చెన ఎక్కినవాడు పైన ఎక్కడో నిలబడి ఉంటాడు, మందు పుచ్చుకున్నవాడు ఉన్న మంచం మీదే ఉంటాడు.

ఇంత సమర్థించాను కనుక నాకు ఒప్పనివి కూడా చెప్పాలి. కనబడనిదానికి ఆయన వాడుకున్న ఉదాహరణే ఆయనకు ఎదురు తిరిగింది. చర్మరంధ్రాలు స్వభావరీత్యా కంటికి ఆననివని ఆ రోజుల్లో సిద్ధాంతులు చెప్పేవారు. 1684లో ఇంగ్లీషు శాస్త్రవేత్త నెహెమియా గ్రూ వేలికొసల మీది గీతల వెంబడి ఉన్న చెమటరంధ్రాలను చూసి వర్ణించాడు. అంటే స్వభావరీత్యా కనబడనిదనుకున్నది నిజానికి ప్రస్తుతానికి కనబడనిదేనని 15 శతాబ్దాల తరువాత తేలింది. ఆ విభజన సిద్ధాంతులదే, నాది కాదు అని సెక్స్టస్ తప్పుకోవచ్చు, రంధ్రాలు లేవని నేనెన్నడూ అనలేదు అని కూడా అనవచ్చు, రెండూ నిజమే. కానీ ఆ రంధ్రాలు ఉన్నాయని ఊహించినవాడు లేకపోతే వెతికినవాడూ ఉండడు. బయటపెట్టే గుర్తు నిరూపణగా విఫలమైనా వెతుకులాటకు దారి చూపగలదన్న సంగతికి ఆయన వ్యవస్థలో తగిన చోటు లేదు. సంశయవాది అంటే వెతుకుతూనే ఉండేవాడని తన గ్రంథం మొదట్లోనే రాసినవాడి దగ్గర ఈ లోటు నాకు కొంచెం బాధ కలిగిస్తుంది.

రెండో సందేహం గుర్తుచేసే గుర్తు మీదే. నిన్నటి దాకా పొగ వెంట నిప్పు ఉందంటే రేపు కూడా ఉంటుందని ఎవరు చెప్పారు? కొన్నింటిని చూసి అన్నింటికీ చెబితే మిగిలినవాటిలో ఒకటి ఎదురు తిరగవచ్చు, అన్నింటినీ చూద్దామంటే వాటికి అంతు లేదు అని రెండో పుస్తకం 204వ ఖండికలో సెక్స్టసే అంటాడు. మరి పొగను ఎందుకు నమ్మాలి? నమ్మాలని ఆయన ఎక్కడా అనలేదన్నదే దీనికి ఉన్న జవాబు. పొగ కనిపిస్తే నిప్పు మనసులోకి వస్తుంది, దాహం వేస్తే చెయ్యి చెంబు మీదికి పోతుంది, ఇందులో హక్కుగా నిలబెట్టుకోవలసినది ఏమీ లేదని ఆయన భావం. ఈ జవాబుతో తృప్తి పడాలో లేదో మీరే చూసుకోండి. నేను వారంలో మూడు రోజులు పడతాను, మిగతా రోజుల్లో పడను.

చదవవలసిన వరస అడగకపోయినా చెబుతున్నాను. మీరు మధ్యలో దిగారు, అందుకే ఊపిరి ఆడలేదు. మొదటి పుస్తకం తొలి 30 ఖండికలు చదివి, ఆపైన మందుల ఉపమానం ఉన్న 206ను, వైద్యశాఖల ప్రస్తావన ఉన్న 236 నుంచి 241 వరకు చదవండి. తరువాతే రెండో పుస్తకంలోని గుర్తుల చర్చకు రండి. తార్కికుల మీది రెండో పుస్తకంలో 141 నుంచి అదే చర్చ ఇంకా విస్తారంగా ఉంటుంది, కానీ డ్యూటీ దిగి వచ్చిన రాత్రి దాన్ని తెరవకండి. ఐనెసిడెమస్ జ్వరపు వాదన కోసం 215 నుంచి 220 వరకు మాత్రం విడిగా చదివిపెట్టుకోండి. చదువుతున్నప్పుడు ప్రతి ఉదాహరణ పక్కనా ఒక్క ప్రశ్న రాసుకోండి: ఈ రెండింటినీ ఎవరైనా ఎప్పుడైనా కలిపి చూశారా? మీ వార్డులోని కేస్ షీట్ మీద కూడా ఇదే ప్రశ్న వేసి చూడండి. మచ్చా గాయమూ ఉన్న గడిలో ఏవి పడతాయో, చెమటా కనబడని రంధ్రాలూ ఉన్న గడిలో ఏవి పడతాయో గమనిస్తే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. అయితే మందు రాసే చేతిని మాత్రం ఈ ప్రశ్న కోసం ఆపకండి, ఆపమని సెక్స్టస్ కూడా చెప్పలేదు.

వాదనల్లో కొన్ని మరీ బలహీనంగా ఉన్నాయేమని మీకు అనిపిస్తే మూడో పుస్తకం చివరి రెండు ఖండికలు, 280, 281 చూడండి. సంశయవాది మనుషుల మీద ప్రేమ ఉన్నవాడనీ, పంతంతో మొండికేసినవారి రోగాన్ని వాదనతో కుదర్చాలనుకుంటాడనీ, వైద్యుడు రోగం ముదిరినవారికి ఘాటైన మందూ తేలికగా ఉన్నవారికి తేలికపాటి మందూ ఇచ్చినట్టే తానూ కొన్నిచోట్ల తెలిసే బలహీనమైన వాదన వాడతాడనీ అక్కడ ఉంది.